పోటీ అని చెప్పి ప్రదర్శన అమ్ముతున్నారు

2024 నవంబర్ 16, శనివారం. ముందురోజు కార్తీక పౌర్ణమి కావడంతో ఊరికి వెళ్ళాను. శ్రీకాకుళం దగ్గర, నాగావళికి కాస్త దూరంలో మా ఊరు. ఉదయాన్నే టీవీకి ఫోను తగిలించి మైక్ టైసన్, జేక్ పాల్ బాక్సింగ్ పెట్టాను. అమెరికాలో అది శుక్రవారం రాత్రి. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో పెద్ద స్టేడియం నిండిపోయి ఉంది. మా పెదనాన్న మంచం మీద కూర్చుని చూస్తున్నారు. ఆయన వయసులో ఉండగా ఊళ్ళో సంగిడి ఎత్తిన మనిషి. రెండు రౌండ్లు అయ్యాక అడిగారు:

"ఏట్రా ఇది? ఆ ముసిలోడి మోకాలు సూడు, కట్టు కట్టుకొచ్చినాడు. నిల్డానికే నేకపోతన్నాడు. ఈడ్నెవుడు దించీసినాడు బరిలోకి?"

నేను టైసన్ అంటే ఎవరో చెప్పబోయాను. ఆయన వినలేదు. "ఒకప్పుడు ఎవుడైతే ఏటి, ఇప్పుడు సూడు" అని లేచి పశువుల పాకవైపు వెళ్ళిపోయారు. నేను మాత్రం ఎనిమిది రౌండ్లూ చూశాను. డబ్బు కట్టాను కదా.

ఆ రోజు నుంచీ ఈ వ్యాసం రాయాలని ఉంది. సాహిత్య పత్రికలో బాక్సింగ్ గొడవేంటని అనుకునేవాళ్ళకి ఒక మాట. ఇంగ్లీషులో లీబ్లింగ్, నార్మన్ మెయిలర్, జాయిస్ కరోల్ ఓట్స్ లాంటివాళ్ళు బాక్సింగ్ మీద పుస్తకాలకి పుస్తకాలే రాశారు. మనకి మాత్రం ఆట గురించి రాయాలంటే ఇప్పటికీ కాస్త మొహమాటం. పైగా నా ఫిర్యాదు బాక్సింగ్ దగ్గర ఆగదు. పోటీ అనే మాటకి అర్థం ఏమైపోయిందన్నదే నా గొడవ. మాటల అర్థం గురించి గొడవ పడటానికి సాహిత్య పత్రిక కంటే మంచి చోటు ఏముంటుంది?

* * *

ముందు లెక్కలు చూద్దాం. టైసన్‌కి 58 ఏళ్ళు. పాల్‌కి 27. అంతకుముందు టైసన్ ఆడిన చివరి ప్రొఫెషనల్ మ్యాచ్ 2005లో. అందులోనూ ఓడిపోయాడు. మామూలుగా మగవాళ్ళ బాక్సింగ్‌లో రౌండు మూడు నిమిషాలు. ఇక్కడ రెండు. హెవీవెయిట్‌లో 10 ఔన్సుల గ్లవ్స్ వాడతారు. ఇక్కడ 14 ఔన్సులవి. అన్నీ మెత్తబరిచి, కుదించి, దీన్ని మాత్రం అధికారికమైన ప్రొఫెషనల్ పోటీగా నమోదు చేశారు. ఎనిమిది రౌండ్లలోనూ కలిపి టైసన్ తగిలించిన దెబ్బలు 18. పాల్‌వి 78. జడ్జీలిచ్చిన స్కోర్లు 80-72, 79-73, 79-73. చివర్లో తానే కాస్త తగ్గి ఆడానని పాల్ కూడా ఒప్పుకున్నాడు. టైసన్ చాలాసేపు తన గ్లవ్‌ని తనే కొరుక్కుంటూ నిలబడ్డాడు. దీన్ని 6 కోట్ల ఇళ్ళలో చూశారని ప్రసారం చేసిన నెట్‌ఫ్లిక్స్ లెక్క చెప్పింది.

నా కోపం దీనికంటే ఎక్కువగా ఇంకోదాని మీద. అదే రాత్రి, అదే రింగులో, దీనికి ముందు కేటీ టేలర్, అమాండా సెరానో ఆడారు. పది రౌండ్లు. సెరానో కంటి పైన చీరుకుపోయి రక్తం కారుతోంది. తల తగిలిస్తోందని టేలర్‌కి ఒక పాయింటు కోశారు. చివరికి ముగ్గురు జడ్జీలూ 95-94తో టేలర్ గెలిచిందన్నారు. ఒక్క పాయింటు తేడా! ఆ తీర్పు సరైనదేనా అని జనం ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఇద్దరూ ముప్ఫై ఐదుకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు, ఇద్దరూ ఛాంపియన్లు, 2022లో ఒకసారి తలపడి మళ్ళీ కలిసినవాళ్ళు. ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు. పోటీ అంటే అదీ.

ఆ పోటీని ముందు వడ్డించే పచ్చడిలా పెట్టి, 58 ఏళ్ళ మనిషిని అసలు భోజనం అన్నారు. అంటే అసలు పోటీ ఎలా ఉంటుందో ఆ నిర్వాహకులకి బాగా తెలుసు. తెలిసే దాన్ని రెండో స్థానంలో కూర్చోబెట్టారు. తెలియక చేసినవాళ్ళని క్షమించొచ్చు. వీళ్ళు ఆ కోవలోకి రారు.

అదే కార్డులో మనవాడూ ఉన్నాడు. హర్యానాకి చెందిన నీరజ్ గోయత్. ఏళ్ళ తరబడి బాక్సింగ్ నేర్చుకుని ఆసియా స్థాయి బెల్టు గెలిచినవాడు. అంత పెద్ద వేదిక మీద అతనికి దొరికిన ప్రత్యర్థి ఎవరు? విండర్సన్ నూనెస్ అనే బ్రెజిల్ హాస్యనటుడు, యూట్యూబర్. గోయత్ ఏకగ్రీవంగా గెలిచాడు. గెలవక ఏం చేస్తాడు? భారతదేశపు బాక్సరు ప్రపంచం కంట పడాలంటే ఒక కమెడియన్‌ని కొట్టాలన్నమాట. గోయత్‌ని నేను తప్పుపట్టను. బతుకుతెరువు. తప్పు ఆ మెనూ రాసినవాళ్ళది.

* * *

ఇదేమీ కొత్త రోగం కాదు. 1995 ఆగస్టులో ఇదే టైసన్ జైలు నుంచి బయటికొచ్చాక మొదటి మ్యాచ్ పీటర్ మెక్‌నీలీతో పెట్టారు. ఇంట్లో టీవీలో చూడాలంటే ఆ ఒక్క మ్యాచ్‌కే విడిగా డబ్బు కట్టాలి. అదే పే-పర్-వ్యూ. మన భాషలో చెప్పాలంటే పెద్ద హీరో సినిమాకి బెనిఫిట్ షో టికెట్టు లాంటిది. ఆ మ్యాచ్ 89 సెకన్లలో ముగిసింది. మెక్‌నీలీ మేనేజరే రింగులోకి దూకి ఆపించేశాడు. మొదటి రౌండైనా పూర్తి కాలేదు. కట్టిన డబ్బు వెనక్కి రాదు.

2015లో మేవెదర్, పక్యావ్ ఆడారు. ఇది జోడీ చెడిన మ్యాచ్ కాదు, జోడీ మురిగిపోయిన మ్యాచ్. ఇద్దరూ మంచి ఊపులో ఉన్నప్పుడు పెట్టవలసింది, ఐదారేళ్ళు సాగదీసి, బేరాలాడి, వయసు మీదపడ్డాక పెట్టారు. అమెరికాలో హెచ్‌డీలో చూడటానికి దాదాపు వంద డాలర్లు. 46 లక్షల మంది కొన్నారు. పక్యావ్ భుజానికి ముందే గాయమైందన్న సంగతి మ్యాచ్ అయిపోయాకగానీ జనానికి చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత అదే మేవెదర్, అప్పటిదాకా ఒక్క ప్రొఫెషనల్ బాక్సింగ్ మ్యాచ్ కూడా ఆడని కోనర్ మెక్‌గ్రెగర్‌తో ఆడి, పదో రౌండులో ముగించి, 50-0 చేసుకున్నాడు. దాన్నీ 40 లక్షల మందికి పైగా కొన్నారు.

ఇది ఎందుకు జరుగుతోందో ఒక్కసారి లోపలికి చూస్తే అర్థమవుతుంది. నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ణి. మా పనిలో ఒక మాట ఉంది: నువ్వు దేన్ని కొలుస్తావో అదే పెరుగుతుంది. బాక్సింగ్‌లో ఇప్పుడు కొలిచేది ఓటమి పక్కన ఉండే సున్నా. ఒక్కసారి ఓడితే ఆ సున్నా పోతుంది, దానితో పాటే రేటూ పోతుంది. కాబట్టి ప్రమోటరు తన ఆటగాణ్ణి ఓడించగలవాడి దగ్గరికి వీలైనంత ఆలస్యంగా పంపుతాడు. ఈలోపు ఓడిపోవడానికి మనుషులు కావాలి. వాళ్ళకో వృత్తే ఉంది. బర్మింగ్‌హామ్‌కి చెందిన పీటర్ బక్లీ 300 మ్యాచ్‌లు ఆడి 256 ఓడి, 2008లో రిటైరయ్యాడు. ఎదిగే కుర్రాళ్ళకి అనుభవం కోసం ఇలాంటివాళ్ళు అవసరమే. బక్లీ మీద నాకు గౌరవమే ఉంది. ఓటమి తన వృత్తి అని దాచకుండా చేశాడు. అలాంటి మ్యాచ్‌ని మహాసంగ్రామం అని పోస్టరేసి అమ్మితేనే నాకు ఒళ్ళు మండేది.

దీనికి తోడు డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో అని నాలుగు సంస్థలు. ఒకే బరువులో నలుగురు ప్రపంచ ఛాంపియన్లు. ప్రతి టైటిల్ మ్యాచ్‌కీ సంస్థకి రుసుము. నలుగురూ ఒకరితో ఒకరు ఆడకుండానే నలుగురూ ఛాంపియన్లుగా బతికేయొచ్చు. మహమ్మద్ అలీ ఐదుసార్లు ఓడిపోయాడు. 1971లో ఫ్రేజియర్ చేతిలో ఓడాడు కాబట్టే 1974కీ, 1975 మనీలాకీ అంత విలువ. ఆ సున్నాని కాపాడుకోవడానికి ఫ్రేజియర్‌ని తప్పించుకుని తిరిగుంటే ఇవాళ మనం ఆయన గురించి మాట్లాడుకునేవాళ్ళమా?

* * *

మనవైపు చూద్దాం. విజేందర్ సింగ్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. 2015లో ప్రొఫెషనల్ అయ్యాడు. వరసగా 12 గెలిచాడు. టీవీల్లో హోరు. ఆ పన్నెండు మందిలో మీకెన్ని పేర్లు గుర్తున్నాయి? 2021 మార్చిలో గోవాలో ఆర్టిష్ లోప్సాన్ చేతిలో ఓడేదాకా మన ఛానళ్ళు ఆ ప్రశ్న గట్టిగా అడగలేదు. అవతల నిలబడ్డవాడు ఎవరో, ఎన్ని ఆడాడో, ఎన్ని ఓడాడో చెప్పడానికి వ్యాఖ్యాతకి నిమిషం పట్టదు. ఆ నిమిషం ఎందుకు దొరకదంటే, చెబితే కొనేవాడు తగ్గుతాడు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న కథ నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ది. ఆమె విశాఖపట్నం సాయ్ కేంద్రంలో ఐ. వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ పొందింది. ఆయనకి 2011లో ద్రోణాచార్య అవార్డు వచ్చింది. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకి మేరీ కోమ్‌ని ట్రయల్ లేకుండానే పంపాలన్న ఆలోచన నడుస్తుంటే, నిఖత్ నేరుగా క్రీడల మంత్రికి ఉత్తరం రాసింది. మేరీ కోమ్ పెద్ద పేరు, ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఆమెని గౌరవించడం తెలియదా అని చాలామంది ఈ అమ్మాయిని తిట్టారు. ఆమె అడిగిందల్లా ఒక్కటే: నాకో మ్యాచ్ పెట్టండి. డిసెంబరు చివర్లో పెట్టారు. నిఖత్ 9-1తో చిత్తుగా ఓడిపోయింది. మేరీ కోమ్ చెయ్యి కూడా కలపలేదు.

కానీ ఓడిందని ఆమె అడగడం తప్పయిందా? 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది, 2023లో ఢిల్లీలో మళ్ళీ అయింది. ఓడిపోయే అవకాశం ఉందని తెలిసీ బలమైనవాళ్ళనే అడిగి తెచ్చుకుంది. ఇక్కడ టైసన్‌ని తెచ్చుకున్నవాడి పద్ధతి పక్కన పెట్టి చూడండి.

విశాఖకే చెందిన ఎన్. ఉష ప్రపంచ పోటీల్లో రజతం గెలిచింది. 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చారు. ఉత్తరాంధ్రలో ఎంతమందికి ఆమె మొహం తెలుసు? జేక్ పాల్ గడ్డం ఎలా ఉంటుందో మా ఊరి కుర్రాళ్ళు చెప్పగలరు.

* * *

ఇప్పుడు నాకు ఎదురొచ్చే వాదనలు.

మొదటిది: ముందే తేలిపోయిందని నువ్వెలా చెబుతావు? 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ టైసన్‌ని పదో రౌండులో పడగొట్టలేదా? పందెం 42కి 1 ఉన్న రోజు! నిజమే. కానీ డగ్లస్ ర్యాంకింగ్ ఉన్న హెవీవెయిటు. వయసులో ఉన్నాడు. శిక్షణ చేసి వచ్చాడు. నియమాలు ఇద్దరికీ మామూలువే. అక్కడ తప్పింది పందెం కట్టినవాళ్ళ అంచనా. జోడీ తప్పలేదు. గెలిచే అవకాశం తక్కువుండటం వేరు, అసలు లేకుండా చేసి నిలబెట్టడం వేరు.

రెండోది: ఇది వినోదం బాబూ, నిన్నెవరు చూడమన్నారు? ఈ మాట అనేవాళ్ళని మా వైపు మనిషి దగ్గరికి తీసుకెళ్తాను. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు. విజయనగరంలో సర్కస్ పెట్టి, ఛాతీ మీదికి ఏనుగుని ఎక్కించుకుని, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసుల్ని ఊపిరి బిగించి తెంపి కలియుగ భీముడు అనిపించుకున్నాడు. ఇవాళ శ్రీకాకుళంలో ఆయన పేరున స్టేడియం ఉంది. ఆయన చేసింది వినోదమే, టికెట్టు పెట్టే చేశాడు. కానీ ఆ టికెట్టు సర్కస్ టికెట్టు. ఏనుగుకీ రామమూర్తికీ కుస్తీ పోటీ అని బోర్డు కట్టలేదు. ప్రదర్శనని ప్రదర్శన అని చెప్పి అమ్మితే నేను ముందు వరసలో కూర్చుని ఈల వేస్తాను. 2020లో టైసన్, రాయ్ జోన్స్ అలాగే ఎగ్జిబిషన్ అని చెప్పి ఆడారు, చూశాను, నవ్వుకున్నాను, మర్చిపోయాను. ఎవరి మీదా కోపం రాలేదు.

మూడోది కాస్త బరువైనది: ఆ పెద్దపేరు లేకపోతే టేలర్, సెరానోల మ్యాచ్ అంతమంది చూసేవారా? చూసేవారు కాదు, ఒప్పుకుంటాను. వాళ్ళకి ఆ రాత్రి వచ్చిన డబ్బూ పేరూ తక్కువ కాదు. అయితే వాళ్ళనే చివర పెట్టండి. టైసన్ కోసం వచ్చినవాళ్ళు కూర్చుంటారు. మనకి నచ్చేదాన్ని ముందుపెట్టి, మనం చూడవలసినదాన్ని ఆఖర్న పెట్టడం హరికథ చెప్పే దాసుగారికి కూడా తెలిసిన విద్య. పిట్టకథ మధ్యలో చెబుతారు. దానికోసం అసలు కథ ఎత్తెయ్యరు.

ఇక నాలుగో వాదన నేనే నా మీద వేసుకోవాలి. కొన్నది నేను కదా? అవును. తప్పులో నా వాటా ఉంది. దానికి కారణం మన సినిమాల్లో కూడా ఉందని నా అనుమానం. జోడీ కుదరని పోరాటం చూస్తూ పెరిగాం. హీరో ఒక్కడు, అవతల నలభై మంది, సుమోలు గాల్లోకి. ఎవరు గెలుస్తారో అనే ప్రశ్నే లేదు, ఎంత గొప్పగా గెలుస్తాడనేదే చూస్తాం. 2022లో 'లైగర్'లో ఇదే టైసన్‌ని తెచ్చి మన హీరోతో కొట్టించారు. థియేటర్లో ఎవరికీ ఉత్కంఠ కలగలేదు. సినిమా కూడా ఆడలేదు. అయినా సినిమాని వదిలేద్దాం. అది కథ అని అందరికీ తెలుసు. రెండేళ్ళకి టెక్సస్‌లో జరిగినదానికీ దానికీ తేడా ఒక్కటే. టెక్సస్‌లో స్క్రిప్టు లేదని చెప్పారు.

* * *

ఇదంతా డబ్బులు పోయిన అభిమాని ఏడుపు అని తీసిపారెయ్యొచ్చు. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. మా అక్క కూతురు సంగతి జరిగేదాకా.

దానికి పదమూడేళ్ళు. విజయనగరంలో బాక్సింగ్ నేర్చుకుంటోంది. మొన్న ఒక చిన్న పోటీకి తీసుకెళ్ళారు. దాని బరువులో ఇంకో పిల్ల లేదు. పైబరువులో ఒకమ్మాయి ఉంది, వయసులోనూ పెద్దది. నిర్వాహకులు "చూడ్డానికి జనం వచ్చారు, ఒక బౌట్ ఆడించేద్దాం" అన్నారట. కోచ్ ఒప్పుకోలేదు. గ్లవ్స్ విప్పించి పిల్లని బయటికి తెచ్చేశారు. ఇది ఒకటే ఏడుపు. రాత్రి నాకు ఫోన్ చేసి, "మావయ్యా, నేను భయపడలేదు, సారే ఆపేశారు" అంది. తర్వాత నేను ఆ కోచ్‌తో మాట్లాడాను. ఆయన పెద్దగా ఏమీ చెప్పలేదు. "ఓడిపోతే నేర్చుకుంటదండి. దెబ్బలు తింటే మానేస్తది" అన్నారు.

జీతం ఎంతో నాకు తెలియదు, పెద్దగా ఉండదు. జనం చూస్తున్నారని తెలిసీ జోడీ కుదరలేదని పిల్లని వెనక్కి తెచ్చిన మనిషి ఆయన. కోట్ల డాలర్లు చేతులు మారిన టెక్సస్‌లో అంతమంది డాక్టర్లలో, లాయర్లలో, కమిషన్ సభ్యుల్లో ఆ మాట అనగలిగినవాడు ఒక్కడూ లేకపోయాడు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి కోడిపందేల్ని చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. కానీ అక్కడ కూడా రెండు కోళ్ళనీ పక్కపక్కన పెట్టి ఎత్తూ బరువూ చూసి జోడీ కుదిరాకే బరిలోకి దించుతారు. కోడికున్న మర్యాద మనిషికి లేకుండా పోయింది.

అదే పిల్ల ఇంకోసారి అడిగింది: "మావయ్యా, పెద్ద మ్యాచ్ ఆడాలంటే ముందు ఛానల్ పెట్టాలా?" వేళాకోళానికి అడగలేదు. తను చూసిన లోకాన్ని బట్టి అడిగింది. నేను నిఖత్ కథ చెప్పాను. విన్నది. నమ్మిందో లేదో తెలియదు.

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రదర్శన అయితే ప్రదర్శన అని రాయండి, రేటు కూడా దానికి తగ్గట్టే పెట్టండి. పోటీ అయితే ఇద్దరి వయసూ, బరువూ, చివరిసారి ఎప్పుడు ఆడారో కొనే పేజీ మీదే వెయ్యండి. వ్యాఖ్యాతలు ఓడిపోబోయేవాడి చరిత్ర కూడా చెప్పండి. మన జాతీయ పోటీల్ని టీవీలో మంచి వేళలో చూపించండి. పేరులేనివాళ్ళే కావచ్చు, ఎవరు గెలుస్తారో తెలియని మ్యాచ్‌లు అక్కడే ఉన్నాయి. మనం, అంటే నాలాంటివాళ్ళం, తేలిపోయిన మ్యాచ్‌కి డబ్బు కట్టడం మానేద్దాం. నేను మానేశాను. ఈసారి ఆ డబ్బుతో మేనకోడలికి కొత్త గ్లవ్స్ కొన్నాను.

సంక్రాంతికి మళ్ళీ ఊరెళ్ళినప్పుడు సంగిడి ఎత్తే పోటీ చూశాను. రాళ్ళు బిగించిన కర్రని గుండెల మీదికి తెచ్చుకుని, అక్కణ్ణుంచి తలపైకి లేపాలి. జనం గట్టిగా లెక్కపెడుతున్నారు. ఒక కుర్రాడు గుండెలదాకా తెచ్చి, పైకి లేపలేక కింద పెట్టేశాడు. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. పెదనాన్న మాత్రం వాణ్ణి పిలిచి, "వొచ్చే ఏడు లేపీగలవురా గుంటడా, నడుం కాసింత దించు" అన్నారు. వాడు తలూపి, చేతుల మట్టి దులుపుకుని, తర్వాతివాణ్ణి చూడటానికి అక్కడే నిలబడ్డాడు.